స్లాబు తిన్న పాలకూర గుడ్లు

మీ వంటలు మాడిపోయి ఉంటాయి, పొంగిపోయి ఉంటాయి, పిల్లి పాలై ఉంటాయి. కాదనను. కానీ మీరు చేసిన పలారం ఒక బిల్డింగు లోపలికి వెళ్లిపోయి, సిమెంటుతో కలిసి గట్టిపడి, ఇవాళ్టికీ మీ నెత్తి మీదే ఉందా? నాది ఉంది. ఇది రాస్తూ తల ఎత్తితే కనిపిస్తోంది. ముందే చెప్పేస్తున్నాను, ఇదేదో వంట పాఠం అనుకుని పొయ్యి ముందు కూర్చుని చదువుతున్నవాళ్లు కాస్త దూరం జరగండి. ఇందులో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

మాది కామాటిపురలో ఓ పాత చాల్, వసారా పొడుగునా వరసగా ఒంటిగది కాపురాలు. దాని చివర, పైన అంతస్తు లేని గదిలో మా అమ్మ యాదమ్మ ఖానావళి నడుపుతుంది. ఖానావళి అనగానే బల్లలూ కుర్చీలూ ఊహించుకోకండి. ఒక గది, నాలుగు చాపలు, పెద్ద పొయ్యి, మా అమ్మ నోరు. అంతే. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు పొద్దునా రాత్రీ మా దగ్గరే తింటారు. అందరిలోకీ ముఖ్యం మొగులయ్య మేస్త్రి గ్యాంగు. వాళ్లు తింటే మా పొయ్యి వెలుగుతుంది, మానేస్తే ఆరిపోతుంది. ఈ సంగతి జరిగిన ఏడే ఫోరస్ రోడ్డు మీద ఇంకో ఖానావళి తెరిచారు. అక్కడ ఫ్యాను ఉందట. టీవీ ఉందట. వడ్డించేవాళ్లు అస్సలు తిట్టరట. ఈ చివరి ముక్క విన్నప్పటి నుంచి మా అమ్మకు నిద్ర పట్టలేదు.

అలాంటి సమయంలో మా గది కప్పు పెచ్చులు పెచ్చులుగా పప్పులో పడటం మొదలుపెట్టింది. పాత కప్పు తీసేసి కొత్త స్లాబు వేయాలన్నారు. పని మొగులయ్య మామకే దక్కింది. మేం పొయ్యిని వసారాలోకి మార్చుకున్నాం. ఆదివారం స్లాబు అని ఖాయమయ్యాక, ఊళ్లో పెద్దమ్మకు బాగాలేదని ఫోను వచ్చింది. అమ్మ బస్సెక్కుతూ కూడా నా చెయ్యి వదల్లేదు.

"భాగ్యా, మంచిగ ఇను. స్లాబు నాడు సిమెంటు మాలు ఆగొద్దు, మనుషులు తిండికి ఆగొద్దు. పొద్దుగాల జొన్నరొట్టెలు, పాలకూర పప్పు, ఉడకబెట్టిన గుడ్లు. గంతే. నీ ఫోన్ల చూసిన వంటలు చెయ్యకు. గీ గ్యాంగు పోయిందంటే మన ఖానావళి బందైతది, ఎరుకేనా?"

"ఎరుకనే అమ్మా. నేనేమన్న చిన్నపిల్లనా?"

ఈ మాట అన్న మనిషిని ఎప్పుడూ నమ్మకండి.

నా ఫోనులో ఒకావిడ ఉండేది. ఆవిడ వంటగదిలో మా చాల్ మొత్తం కాపురం పెట్టొచ్చు. పాలకూర వేయించి, అందులో గరిటెతో గుంటలు చేసి, ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు కొట్టి, ఓవెన్‌లోకి తోసి, బయటికి తీసి, ఓ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "బ్రంచ్" అంది. ఆ కళ్లు మూసుకోవడమే నా కొంప ముంచింది. ఆ రాత్రి నాకు కలొచ్చింది. మొగులయ్య మామ గ్యాంగు మొత్తం వరసగా కూర్చుని కళ్లు మూసుకుని తింటున్నారు. ఫోరస్ రోడ్డు ఫ్యాను మాత్రం ఖాళీ గదిలో తిరుగుతోంది.

తెల్లారి పక్కగది శాంతక్కకు చెప్పాను.

"బ్రంచంటే ఏందే?"

"పొద్దుటి పలారం, పగటి బువ్వ కలిపి ఒక్కసారే తినుడక్కా. పెద్దోళ్లు ఆదివారాలు పదకొండుకు తింటరట."

"మా ఆయన పని దొరకని నాడు తినేది గదే గద! దానికి మళ్ల పేరు గూడ పెట్టిన్రా?"

సరే, ఓవెన్ ఎక్కడ దొరుకుతుంది? మా దగ్గర దానికో పద్ధతి ఉంది. దీపావళికి మా గల్లీ ఆడవాళ్లు నాన్‌ఖటాయి బిస్కెట్ల పిండి కలిపి, బిళ్లలు రేకుల మీద పేర్చి, నాగ్‌పాడాలో పావ్‌ రొట్టెలు చేసే బేకరీకి మోసుకెళ్తారు. వాళ్ల కట్టెల భట్టీలో కాల్పించుకుని తెచ్చుకుంటారు. నాన్‌ఖటాయి కాలే భట్టీలో గుడ్లు కాలవా? బేకరీ చాచాని అడిగాను. ఆయన హిందీలో అన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను.

"గుడ్లా? పెంకుతోనా?"

"పెంకు లేకుండా చాచా. పాలకూరలో."

చాచా గడ్డం గోక్కున్నాడు. "ఈ భట్టీలో నాన్‌ఖటాయిలు కాల్చాను, ఒకతను మేక కాలు తెస్తే అదీ కాల్చాను. నీదీ కాలుస్తాలే బేటీ. కానీ మా రేకులు చదునుగా ఉంటాయి, గుడ్డు కారిపోతుంది. లోతున్న గిన్నె తీసుకురా. ప్లాస్టిక్ పిడి మాత్రం ఉండకూడదు."

ఇంట్లో అంతా వెతికాను. గంజు మూతి ఇరుకు. పెనానికి లోతు లేదు. అప్పుడు మెట్ల కింద మొగులయ్య మామ సామాను కనబడింది. పారలు, తాపీలు, వాటి పక్కన ఇంకా రేటు కాగితం కూడా ఊడని కొత్త గమేలా. గమేలా అంటే కంకరా సిమెంటూ మోసే ఇనుప తట్ట. లోతుంది, వెడల్పుంది, పిడి లేదు. ఆ ఫోను ఆవిడ దగ్గర కూడా ఇంత మంచి గిన్నె లేదు! చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతుంటే శాంతక్క వచ్చి నిలబడింది.

"గమేలాలనా? మనుషులు తినేది గమేలాల వండుతవానే?"

"కొత్తదక్కా. ఇంక మాలు తాకలే దీనికి."

"అది నీకెరుక. చూసేటోళ్లకు ఎరుకనా?"

శాంతక్క అప్పుడప్పుడు చాలా గొప్ప మాటలు అంటుంది. అప్పుడే ఎవరూ వినరు.

ఆదివారం తెల్లారకుండానే పని మొదలుపెట్టాను. పాలకూర, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పుల్లగా తగలడానికి గుప్పెడు పుంటికూర. గమేలాకి అంచుల దాకా నూనె రాయమని, అప్పుడే అంటుకోకుండా జారుతుందని ఫోను ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పింది. నేను నాలుగుసార్లు రాశాను. చీమ దిగితే మళ్లీ పైకి రాలేదు. ఈ నూనె సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

కూర పరిచి, గుంటలు చేసి, ముప్ఫై గుడ్లు కొట్టాను. చాచా పొడుగాటి కర్రతో దాన్ని భట్టీలోకి తోశాడు. బయటికి వచ్చినప్పుడు చూడాలి! అంచులు ఎర్రగా వేగి, తెల్లసొన గట్టిపడి, పచ్చని కూర మధ్యలో ముప్ఫై పచ్చసొనలు నన్నే చూస్తున్నాయి. చాచా "మాషా అల్లా" అన్నాడు. పావ్‌లు కాల్చి కాల్చి విసిగిపోయిన మనిషి అన్నాడంటే అర్థం చేసుకోండి.

వేడి తగ్గకుండా, చేతులు కాలకుండా అంచుల మీదుగా గోనెపట్టా కప్పి, నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకుని, గమేలా ఎత్తుకుని నడిచాను. ఇంటికి వచ్చేసరికి స్లాబు జోరు మీద ఉంది. గల్లీలో మిక్సరు గడగడా తిరుగుతోంది. అక్కణ్నుంచి మా చాల్ గుమ్మం మీదుగా, నిచ్చెన మీదుగా పై వరకూ మనుషులు వరసగా నిలబడ్డారు. కింది నుంచి నిండు గమేలాలు చేతులు మారుతూ పైకి పోతున్నాయి. ఖాళీవి పైనుంచి కిందికి విసిరేస్తున్నారు. స్లాబు నాడు వరసలో నిలబడ్డవాడు గమేలాలోకి చూడడు. పక్కవాడి చేతులనే చూస్తాడు. చూసే తీరిక ఉంటే స్లాబు సాయంత్రానికి కాదు, సంక్రాంతికి అవుతుంది. ఇది నాకు తెలియనిదా? కామాటం పని, అంటే ఇళ్లు కట్టే కూలి చేసిన ఇంట్లో పుట్టాను. మా తాత ముత్తాతలు ఈ ఊరికి ఇటుకలు మోశారు. అయినా నేనేం చేశానో వినండి.

మెడ నొప్పిగా ఉందని, గోనెపట్టా తీసి అందరికీ గొప్పగా చూపిద్దామని, గుమ్మంలో వరసలో నిలబడ్డ మామ గ్యాంగు కుర్రాడు అంజి చేతికి గమేలా ఇచ్చి, "అన్నా, జర పట్టు" అన్నాను. పట్టా లాగేశాను. పళ్లేల కోసం ఇటు తిరిగాను.

"అబ్బా! సుర్రుమన్నది!" అంజి గొంతు.

"ఏమైంది రా?" అన్నాడు పక్కవాడు.

"కాలుతున్నది! అందుకో, అందుకో!"

"ఓయమ్మో! కాలుతుంటె నాకెందుకు ఇచ్చినవ్ రా?"

"నువ్వెందుకు పట్టుకున్నవ్, పంపు పైకి!"

ఆ రోజు అంత వేగంగా ఏ గమేలా పైకి పోలేదు. నేను పళ్లేలు తీసుకుని తిరిగేసరికి, నా కాళ్ల దగ్గర ఖంగుమని ఏదో పడింది. నా గమేలా. ఖాళీగా ఉంది. లోపల నూనె మెరుస్తోంది. కూర పిసరు కూడా లేదు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా ఛాతీ ఉప్పొంగింది. ఎంత రుచిగా ఉంటే ఇంత త్వరగా తినేస్తారు!

అప్పుడు పైనుంచి మొగులయ్య మామ కేక వినబడింది.

"ఎవడ్రా గీ మాలు కలిపినోడు? కంకర లేదు, ఇసుక లేదు, పచ్చగున్నది!"

"మామా, ఉల్లిగడ్డ గూడ వేసిన్రు!"

నిచ్చెన ఎలా ఎక్కానో నాకు తెలియదు. బూడిదరంగు కాంక్రీటు మధ్యలో నా పలారం చెక్కు చెదరకుండా పడుకుని ఉంది. నూనె తన పని తాను చేసింది. నేను చూస్తుండగానే దాని మీద ఇంకో గమేలా మాలు పడింది.

"మామా! అది మాలు కాదు! మీ పలారం!"

మొగులయ్య మామ నన్ను చూశాడు, స్లాబును చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"మా పలారం స్లాబుల ఎందుకున్నదే?"

మామ తన కంటికి కనబడినంత పలారాన్ని తాపీతో తీసి బకెట్లో వేస్తూనే, "మాలు ఆపకుండ్రి!" అని అరిచాడు. పని ఆగలేదు. ఆగింది నా గుండె. ఎందుకంటే నిచ్చెన మీంచి అంజి చల్లగా ఒక మాటన్నాడు.

"ఆకలైతుంది మామా. చల్, రేపటికెల్లి ఫోరస్ రోడ్డుకే పోదాం. ఆడ ఫ్యానున్నది. మన పలారం మనకే పెడ్తరు."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. అమ్మ ఇన్నేళ్లు పొగలో కళ్లు పోగొట్టుకుని నిలబెట్టిన ఖానావళిని నేను ఒక్క పూటలో కాంక్రీటులో పూడ్చేశాను. నా ఏడుపు విని చాల్ ఆడవాళ్లంతా బయటికొచ్చారు. ఎవరింట్లో ఉన్నది వాళ్లు తెచ్చారు. రాత్రి రొట్టెలు, పల్లీల తొక్కు, శాంతక్క మామిడికాయ పచ్చడి. నేను బేకరీకి పరుగెత్తి వేడి పావ్‌లు తెచ్చాను. వరసలోంచి ఇద్దరిద్దరు తప్పుకుని, నిలబడే తిన్నారు.

అందరి తర్వాత మొగులయ్య మామ దిగాడు. నా గమేలా చేతిలోకి తీసుకున్నాడు. అంచు మడతలో బొటనవేలంత ముక్క ఇరుక్కుని ఉంది. గోటితో తీసి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు!

"థూ నీ... ఇంత మంచిది స్లాబుకు పెట్టినవా పిల్లా!" అన్నాడు. తర్వాత గ్యాంగు వైపు తిరిగాడు. "మా తాతల నాడు సున్నంల గుడ్డుసొన కలిపేటోళ్లు, బెల్లం కలిపేటోళ్లు. గోడలు రాయి లెక్క నిలిచేటివి. పాలకూర కలిపినోళ్లను మాత్రం గిప్పుడే చూసిన."

అంజి ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. "మరి ఫోరస్ రోడ్డు మామా?"

"అరే పాగల్, గీ సంగతి యాదమ్మకు తెలిసినంక ఈ పిల్లను ఎట్ల తిడ్తదో నువ్వు చూడవా? ఫోరస్ రోడ్డుల టీవీనే ఉన్నది. యాదమ్మ ఉన్నదా?"

అంజి ఆలోచించాడు. గ్యాంగు మొత్తం ఆలోచించింది. ఒక్కరు కూడా వెళ్లలేదు.

అమ్మ వచ్చిన రాత్రి వసారాలో చాపలు సరిపోలేదు. గ్యాంగంతా వరసగా కూర్చుని, ముద్దలు కలుపుకుంటూ, అమ్మ నన్ను తిట్టడం చూశారు. అమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "యాదమ్మా, అంజి చేతికిచ్చిన కాడికెల్లి మళ్ల ఒకసారి" అని అడిగినవాళ్లున్నారు. పెరుగన్నం వరకూ తిట్టింది. మర్నాడు ఇంకో గ్యాంగును కూడా పిలుచుకొచ్చారు. మా ఖానావళి అప్పటి నుంచి ఇంకా పెరిగింది.

కొన్నాళ్లకు స్లాబు కింద ఆనించిన సెంట్రింగు చెక్కలు విప్పారు. మా కొత్త కప్పు అడుగున, సరిగ్గా మధ్యలో, ఈనెలతో సహా ఒక పాలకూర ఆకు అచ్చు. దాని పక్కన పసుపుపచ్చని గుండ్రటి మచ్చ. ఉన్నదంతా తీశానని మామ ఒట్టేశాడు కానీ, అడుగున అంటుకున్నది ఆయనకేం కనబడుతుంది? కొత్తగా తినడానికి వచ్చినవాళ్లందరికీ అమ్మ కప్పు చూపించి కథ చెబుతుంది.

అసలు సంగతి వానాకాలంలో బయటపడింది. మా గల్లీలో ప్రతి కప్పూ కారింది. మాది ఒక్క చుక్క కారలేదు. మామ సిమెంటు బాగా కలిపాడని నేనెంత మొత్తుకున్నా విన్నవాళ్లు లేరు. మొన్న మా వెనక చాల్ వాళ్లు మా ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, అమ్మతో ఎంతో మర్యాదగా అన్నారు.

"వదినా, వచ్చే ఆదివారం మాది స్లాబు. సిమెంటొచ్చింది, కంకరొచ్చింది. ఇగ మీ భాగ్య గుడ్లే తక్కువున్నయి."

నన్ను అన్నన్ని మాటలన్న నా కన్నతల్లి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "గమేలా ఒక్కటి సరిపోతదా, రెండు గావాల్నా?" అని అడిగింది.

అందువల్ల, ఈ కప్పు కింద, ఆ ఆకు సాక్షిగా, పాఠకులందరి ముందూ ఒట్టు పెడుతున్నాను. వరసలో నిలబడ్డ మనిషి చేతికి నా వంట ఇంకెప్పుడూ ఇవ్వను. ఈసారి నిచ్చెనెక్కి నేనే పోస్తాను.