కాజాల బావ కుడిచేయి

ఒక మందు మనిషికి హాని చేయదని రుజువు చేయడానికి ఒక మనిషి కుడిచేతిని వాడుకున్నారు. ఆ చేతికి ఇప్పుడు వేడినీళ్లకూ చన్నీళ్లకూ తేడా తెలియదు. మందుకు మాత్రం ఏ మచ్చా పడలేదు. జరిగిన అన్యాయం ఇంతే. మిగిలినదంతా అది ఎలా జరిగిందన్న వివరం.

ఆ చేయి మా ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్న దర్జీది. కుట్టుషెడ్డులో అందరికీ అతను కాజాల బావ. వయసులో పెద్దవాళ్లు కూడా బావ అనే పిలుస్తారు. ఆ పిలుపులోని చనువు అతని నోరు సంపాదించింది, గౌరవం అతని వేళ్లు సంపాదించాయి. చొక్కాలు కుట్టేవాళ్లు వీధికి ఇద్దరున్నారు. గుండీ పట్టే చీలిక చుట్టూ దారంతో అంచు కట్టి, ఎంత లాగినా పోగు ఊడని కాజా వేయగలిగినవాళ్లు అరుదు. పని చేస్తున్నంతసేపూ అతను గుమ్మం వైపు చూస్తూ కబుర్లు చెప్పేవాడు, సూది వైపు చూసేవాడు కాదు. ఎందుకు చూడవని ఒకసారి అడిగితే, "వేళ్లు చూస్తున్నాయి కదండీ పెద్దయ్యగారూ, మళ్లీ నేనెందుకు?" అన్నాడు.

కాజాలు వేసే యంత్రం షెడ్డుకు వచ్చినప్పుడు యజమాని దాని నెత్తిన చేయి వేసి, "చూశావా బావా, ఇది టీ అడగదు," అన్నాడట.

"అడగదు గానీ, అలిగిందంటే బతిమాలడానికి మెకానిక్కు రావాలి," అన్నాడు బావ.

అందరూ నవ్వారు. కానీ యంత్రం అలగలేదు. ఖరీదైన కోట్లకు తప్ప చేతి కాజా అడిగేవాళ్లు లేకుండా పోయారు. రోజూ షెడ్డుకు వెళ్లేవాడు కబురొస్తే వెళ్లేవాడయ్యాడు. అతని భార్య అదే షెడ్డులో ఇస్త్రీ చేస్తుంది. ఇక ఇంటికి ఆమె ఇస్త్రీపెట్టె ఒక్కటే ఆధారమయింది.

దారపుండలు తెచ్చి ఇచ్చే మనిషి చెప్పగా అతను మందుల పరీక్షా కేంద్రానికి వెళ్లాడు. కొత్త మందును రోగులకు ఇవ్వడానికి ముందు ఆరోగ్యవంతులకు ఇచ్చి చూసే చోటది. వార్డులో ఉండాలి, ఇచ్చిన మాత్ర మింగాలి, అడిగినప్పుడల్లా రక్తం ఇవ్వాలి. చివరిదాకా ఉన్నవాళ్లకు ప్రతిఫలం ఇచ్చి పంపుతారు. సమ్మతి పత్రాన్ని ఒక హాల్లో అందరికీ కలిపి చదివి వినిపించారు. చదివిన అమ్మాయికి ఆ రోజు జలుబు. అర్థమయిందా అంటే అందరూ తలలూపారు. ఆ పత్రం నకలు ఇప్పుడు నా బీరువాలో ఉంది. అందులో 'స్వచ్ఛందంగా' అన్న మాట కనిపించని పేజీ లేదు. పొయ్యి మీద గిన్నె లేనివాడు పెట్టిన సంతకాన్ని స్వేచ్ఛ అనడానికి ఏ నిఘంటువూ ఒప్పుకోదు. ఆ పత్రం ఒప్పుకుంది.

వార్డులో ఇచ్చిన బట్టలకు గుండీలు లేవు, నాడాలున్నాయి. "నన్ను పిలిచి మరీ అవమానిస్తారా సిస్టరమ్మా?" అని అతను నర్సును నవ్వించాడు. ఆ పూటకే వార్డంతా అతన్ని బావ అనడం మొదలుపెట్టింది.

రోజూ పొద్దున నర్సు వచ్చి, ఏమైనా ఇబ్బంది ఉందా అని ఒక్కొక్కరినీ అడిగేది. మొదటి వారంలో పక్క మంచం మీది పెయింటరు ఆ ప్రశ్నకు నిజం చెప్పాడు. అరికాళ్లు మండుతున్నాయన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు అతని మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. అతని క్షేమం కోరే ఇంటికి పంపామన్నారు. దారిఖర్చు తప్ప మరేమీ ఇవ్వలేదని గేటు కాపలాదారు చెప్పాడు. ఇంకొకరు కూడా ఇలాగే అంటే బ్యాచ్ మొత్తాన్ని ఆపేసి అందరినీ ఇంటికి పంపుతారన్న మాటనూ అతనే చేరవేశాడు. ఆ రోజునుంచి నర్సు ప్రశ్నకు వార్డులో ఒకటే జవాబు: "బాగానే ఉందమ్మా."

నోటి జవాబుతో పని అయిపోదు. ఆ మందు నరాలను దెబ్బతీస్తుందేమోనన్న అనుమానం దాన్ని తయారుచేసినవాళ్లకే ఉంది. అందుకని స్పర్శ పరీక్ష పెట్టారు. మనిషి కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న చిన్న డాక్టరమ్మ చేతివేళ్లనూ కాలివేళ్లనూ ఒక్కొక్కటిగా దూదిపోగుతో తాకుతుంది. తాకినట్టు తెలిసినప్పుడల్లా "ఆ" అనాలి. బావకు వేలికొసల మీద చీమలు పాకుతున్నట్టు మొదలైంది. కొన్నాళ్లకు ఆ చీమలు కూడా వెళ్లిపోయాయి. అయినా పరీక్షలో అతను ఒక్కసారీ తప్పలేదు. డాక్టరమ్మ తాకడానికి ముందుకు వంగినప్పుడల్లా ఆ చెక్క స్టూలు కిర్రుమనేది. కిర్రుమంటే "ఆ" అనడమే. ఈ కిటుకు అతను వార్డులో అందరికీ నేర్పాడు.

"రెండుసార్లు వెంటవెంటనే కిర్రుమంటేనో బావా?" అన్నాడొకడు.

"డాక్టరమ్మ సర్దుకుని కూర్చుందని అర్థం. తొందరపడి 'ఆ' అన్నావంటే నీకు ఆరో వేలుందని రాసుకుంటారు."

అలా వార్డులో అందరి వేళ్లకూ స్పర్శ ఉన్నట్టు నమోదయింది. ఒక స్టూలుకున్న జబ్బు ఒక మందు ఆరోగ్యానికి సాక్ష్యమయింది.

ఇంటికి వచ్చాక, తిమ్మిరి నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకున్నాడు. ఎడమచేతికి చాలావరకు పోయింది కూడా. కుడిచేతి సంగతి భార్యకు చెప్పలేదు. అప్పటికి ఆమె తమ్ముడు ఖాళీగా ఉన్నాడు. సామాను ఆటో నడుపుకునేవాడు, ఇంజను చెడిపోయి బండి ఇంటిముందు పడి ఉంది. అదే మందును ఎక్కువ మోతాదులో మింగడానికి రెండో బ్యాచ్‌కు మనుషులు కావాలని కబురొచ్చింది. బామ్మర్ది పేరు బావే చెప్పాడు. అందులో దురుద్దేశం లేదు, ఆలోచనా లేదు.

చేరబోయే ముందురోజు భోజనాల దగ్గర వాళ్లింట్లో ఒకటే నవ్వులు. బామ్మర్ది కళ్లు మూసుకుని చేతులు చాపాడు. కాళ్లు వదులైన పాత కుర్చీ మీద కూర్చుని బావ ముందుకు వంగాడు.

"ఆ," అన్నాడు బామ్మర్ది.

"నేనింకా తాకనే లేదురా!"

"కుర్చీ చెప్పింది కదా బావా."

"అదీ తెలివంటే. మీ అక్కను మించిపోయావు."

"మీ ఇద్దరి తెలివీ కలిపినా పావుకిలో తూగదు," అంది ఆమె గిన్నె దింపుతూ. "అయినా దూది తగిలితే తెలియకపోవడమేంటి? ఈ నాటకమంతా దేనికి?"

బావ మాట మార్చి నీళ్లు అడిగాడు. ఆ సంగతి ఆమె నాకు తర్వాత చెప్పి, అప్పుడే నిలదీయవలసిందని ఏడ్చింది.

తమ్ముడు వార్డులో చేరిన కొద్ది రోజులకు షెడ్డుకు ఒక తెల్లకోటు పని వచ్చింది. యజమాని బావను పిలిపించాడు. బావ ఎప్పటిలాగే గుమ్మం వైపు చూస్తూ, ఎవరినో ఆటపట్టిస్తూ, మొదటి కాజా ముగించి కోటును పైకెత్తి చూపించాడు. ఇస్త్రీబల్ల దగ్గరున్న భార్య అందరికంటే ముందు చూసింది. కోటు నిండా ఎర్రటి మరకలు. పట్టు తప్పిన సూది అతని కుడిచేతి వేలి గోరు కిందికి దిగి అలాగే ఉంది.

"ఏమండీ, చెయ్యి!" అని అరిచింది.

"ఏ చెయ్యి?" అన్నాడు అతను.

యజమాని తిట్టలేదు. కోటు అందుకుని మడిచి పక్కన పెట్టి, "యంత్రం టీ అడగదంటే నవ్వావు. దానికి రక్తం కూడా కారదు బావా. ఇంటికెళ్లు," అన్నాడు. అతను ఆ షెడ్డు మెట్లు మళ్లీ ఎక్కలేదు.

ఆ సాయంత్రం గుడ్డ చుట్టిన వేలితో నా దగ్గరికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "నా చెయ్యి పోతే పోయింది పెద్దయ్యగారూ. వాడు బండి నడిపేవాడండీ. కాలు బ్రేకు మీదుందో లేదో వాడికి తెలియకపోతే ఎట్లా? నేనే పంపాను. ఎట్లాగైనా వాణ్ణి బయటికి తీసుకురావాలి," అన్నాడు.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. చూడవచ్చినవాళ్లను వార్డు కిటికీ ఊచల దాకానే రానిస్తారు. బామ్మర్ది నాడాల చొక్కాతో వచ్చి అవతల నిలబడ్డాడు.

"బట్టలు సర్దుకోరా. పోదాం."

"మధ్యలో వస్తే ఏమిస్తారు బావా? దారి చూపిస్తారు. బండి ఎవరు బాగుచేయిస్తారు?"

"కాళ్లెట్లా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి."

"నాతో చెప్పరా. నేను డాక్టర్ని కాదు."

బామ్మర్ది ఊచలు పట్టుకుని దగ్గరికి జరిగాడు. "ఎవరడిగినా ఇదే చెప్పమని నువ్వేగా నేర్పావు," అన్నాడు నెమ్మదిగా.

లోపలినుంచి మరొక గొంతు లేచింది. "ఏం బావా, నీ బ్యాచ్ గట్టెక్కింది గనక మాది ముంచడానికొచ్చావా? నీకు దండం పెడతాం, ఇంటికెళ్లు!" వార్డంతా నవ్వింది. బామ్మర్ది కూడా నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. వాళ్లను నేను తప్పుపట్టను. ఒకడి నిజం పక్కవాడి కూడు తీసేసేలా ఏర్పాటు చేసినవాళ్లు ఆ వార్డులో మంచాల మీద లేరు.

పరీక్షల పర్యవేక్షణాధికారి తన గదిలోనే ఉన్నాడు. నా తెల్లజుట్టు చూసి నాకు కుర్చీ చూపించాడు, బావకు చూపించలేదు. బావ స్టూలు సంగతితో సహా అంతా దాచకుండా చెప్పాడు.

"అప్పుడు అబద్ధమాడావా, ఇప్పుడు ఆడుతున్నావా?" అన్నాడు అధికారి.

"అప్పుడే సార్."

"అబద్ధమాడానని నువ్వే అంటున్నావు. మరి ఇవాళ నీ మాట మేమెలా నమ్మాలి?"

"మాట నమ్మొద్దు సార్. వేళ్లు చూడండి."

చూస్తామన్నారు. అదే పరీక్ష గది, అదే డాక్టరమ్మ, అదే స్టూలు. వేరే కుర్చీ వేసుకోమని బావ వేడుకుంటే, పరీక్ష గదిలో సామాను మార్చడం నిబంధనలకు విరుద్ధమన్నారు. బావ కళ్లు మూసుకుని చేయి చాపాడు. స్టూలు కిర్రుమంది. అతను మాట్లాడలేదు. మళ్లీ కిర్రుమంది. అలవాటుకొద్దీ పెదవులు విచ్చుకోబోతే పంటితో నొక్కిపెట్టాడు. అలా చివరి వేలిదాకా మౌనంగా కూర్చున్నాడు. అధికారి కాగితం మీద రాసింది ఒకే ఒక్క మాట: 'సహకరించలేదు'.

"సార్, ఒక్కసారి సూదిమొనతో చూస్తే..." అంది డాక్టరమ్మ.

"పద్ధతిలో లేదు," అన్నాడాయన.

ఆమె దూదిపోగు చేతిలో అలాగే పట్టుకుని స్టూలు వైపు చూసింది. "పోనీ నన్నొదిలేయండమ్మా, మా బామ్మర్దినైనా నిలబడి చూడండి," అని బావ ఆమెను అడుగుతుండగానే మమ్మల్ని బయటికి పంపారు.

కేంద్రానికి రాశాను. ఇలాంటి పరీక్షలకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీకి రాశాను. పై శాఖకు రాశాను. ప్రతి అర్జీ నకలూ, ప్రతి రసీదూ భద్రంగా ఉన్నాయి. కమిటీనుంచి మాత్రమే జవాబు వచ్చింది. పాల్గొన్నవారందరి స్పర్శజ్ఞానమూ సక్రమంగా ఉన్నట్టు రికార్డులు తెలుపుతున్నాయి కనుక విచారణ అవసరం లేదట. ఏ రికార్డు తప్పని మేము మొరపెట్టుకున్నామో దాన్నే సాక్షిగా పిలిచి, దాని మాట విని, తీర్పు చెప్పారు.

రెండో బ్యాచ్‌లో ఎవరూ మధ్యలో వెళ్లలేదు. బామ్మర్ది గడువు ముగించుకుని ఒక సాయంత్రం ఉల్లాసంగా వచ్చాడు. అక్క గుమ్మంలో ఎదురై అతని కాళ్ల వైపు చూసింది.

"రెండో చెప్పు ఏదిరా?"

"కాలికే ఉందిగా," అన్నాడు కిందికి చూడకుండానే. తర్వాత చూశాడు.

చెప్పు ఏ వీధిలో జారిపోయిందో అతనికి తెలియదు. అరికాలిలో గాజుపెంకు దిగి, మెట్ల మీద అడుగడుగునా తడి మరక ఉంది. బావ అతన్ని కూర్చోబెట్టి, కాలు కడగడానికి నీళ్లు కాచి తెచ్చాడు. వేడి చూసుకోవడానికి తొట్టిలో కుడిచేయి ముంచాడు, తీశాడు, భార్య ముఖం వైపు చూశాడు. ఆమె తన వేలు ముంచి చటుక్కున లాక్కుని, చన్నీళ్లు కలిపింది. ఆ ఇంట్లో నీళ్ల వేడి ఎంతో నమ్మకంగా చెప్పగలిగిన చేయి ఇప్పుడు ఆమెది ఒక్కటే.

"బాగానే ఉందక్కా," అన్నాడు తమ్ముడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వచ్చిన ప్రతిఫలంతో ఇంజను బాగయింది. ఆటో మా ఇంటిముందే ఉంటుంది. అతను రోజూ ఎక్కి కూర్చుంటాడు. కాలు బ్రేకు మీద ఉందో లేదో వంగి చూసుకుంటాడు. మళ్లీ దిగిపోతాడు. బావ అరుగు మీద కూర్చుని అది చూస్తాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం తగ్గిపోయింది. దారపుండల మనిషి నిన్న మళ్లీ వీధిలో కనిపించాడు. మూడో బ్యాచ్‌కు మనుషులు కావాలట.

పరీక్షా కేంద్రం పెద్దలారా, మందు తయారుచేసినవారలారా, దీనికి ఆమోదముద్ర వేసిన కమిటీ సభ్యులారా! వాళ్లు అబద్ధం చెప్పారని మీరంటారు. చెప్పారు. నిజం చెప్పినవాడికి దారిఖర్చూ, అబద్ధం చెప్పినవాడికి పూర్తి ప్రతిఫలమూ నిర్ణయించింది మీరు. మీకు కావలసిన జవాబు మీరు కొనుక్కున్నారు. మూడో బ్యాచ్‌ను ఆపండి. మొదటి రెండు బ్యాచ్‌ల వాళ్లందరినీ, మీరు దుప్పటి మార్చి పంపేసిన ఆ పెయింటరుతో సహా, పిలిపించి, చప్పుడు చేయని కుర్చీలో కూర్చుని మళ్లీ పరీక్షించండి. పోయిన స్పర్శకు మీ ఖర్చుతో వైద్యం చేయించండి. ఇబ్బంది ఉందని చెప్పినవాడికీ పూర్తి ప్రతిఫలం ఇస్తామని వార్డు గోడ మీద రాయించి, ఆ తర్వాతే ఎలా ఉందని అడగండి. కాజాల బావ కాగితం మీద 'సహకరించలేదు' అని మీరు రాసిన మాటను కొట్టివేసి, దాని పక్కన మీ పేరు రాసి సంతకం పెట్టండి. ఆ కుడిచేయి మీకు సహకరించినంతగా మీ సొంత చేయి కూడా మీకు సహకరించి ఉండదు.