ఎద్దు ధరకు కొన్న గడియారం

నా చిన్నప్పుడు మా తాతయ్యకు ఉన్న ఒకే ఒక్క పిచ్చి, చేతికి గడియారం పెట్టుకోవాలని. మాది సారంగాపూర్. ఎండను చూసి వేళ చెప్పే మనిషికి గడియారమెందుకని మా నాయనమ్మ దెప్పేది. తాతయ్య నవ్వి ఊరుకునేవాడు కానీ, జగిత్యాల వెళ్లినప్పుడల్లా గడియారాలు బాగుచేసే చాచా దుకాణం ముందు ఆయన కాళ్లు ఆగిపోయేవి.

ఆ ఏడు పసుపు అమ్మిన పైసలు చేతికొచ్చాయి. మా ఎద్దు ముసలిదైంది, ఇంకొకటి కొనాలి. నన్ను వెంటబెట్టుకుని పశువుల అంగడికి బయలుదేరిన తాతయ్య, దారిలో అలవాటుగా చాచా దగ్గర ఆగాడు. చాచా గుడ్డలో చుట్టిన పాత విదేశీ గడియారం ఒకటి తీసి చూపించాడు. నిజాం కాలం నాటిదట, అలాంటివి ఇక దొరకవట. సరిగ్గా ఎద్దు ధర చెప్పాడు. తాతయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ఎద్దు సంగతి మరిచేపోయాడని నాకు భయం వేసింది.

అప్పుడు, గొడ్డును బేరం చేసేటప్పుడు అడిగే మాటే అడిగాడు. "గిది ఎవలింటిది?"

చాచా తల దించుకున్నాడు. "గొల్లపల్లిల ఒక పిలగానిది అన్నా. వాళ్ల నాయిన గుర్తని పెట్టుకొని దుబాయి పోయిండు. ఆడనే సచ్చిపోయిండు. శవం అచ్చిన పెట్టెల గిది గూడ అచ్చింది. తమ్ముడు తెచ్చి అమ్మిపెట్టుమన్నడు."

తాతయ్య గడియారాన్ని బల్ల మీద పెట్టేశాడు. ఏడ్చి అమ్మిన సొమ్ము అచ్చిరాదని మావాళ్ల నమ్మకం. ఇక లేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం ఆ ఇంటి ఇల్లాలు తన చేత్తో ఇస్తేనే తీసుకుంటానని పట్టుబట్టి, చాచాతో దుకాణం మూయించాడు. ముగ్గురం గొల్లపల్లి బస్సెక్కాం.

చనిపోయినతని భార్య మా పిన్ని వయసుది. పెట్టె వచ్చిన రోజు నుంచి కంట నీటిచుక్క రాలలేదని పక్కింటి ముసలమ్మ గుమ్మంలోనే చెప్పింది. ఇష్టపడే అమ్ముతున్నావా బిడ్డా అని తాతయ్య మెల్లగా అడిగాడు.

"ఇష్టమేంది బాపూ. మీరు కొనకుంటే పొయ్యిల పిల్లి లేవది."

కొంటే ఆమె ఉసురు, కొనకపోతే ఆమె పిల్లలకు పస్తు. చివరికి తాతయ్య పైసలు ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత గడియారానికున్న తోలు బెల్టును చాచాతో విప్పించి ఆమె ముందుంచాడు. "గొడ్డును అమ్మినా దాని మెడతాడు అమ్మం గద బిడ్డా. గిది నీ దగ్గర్నే ఉండనీ."

గొడ్డుతో పాటు ఇంటి కళ వెళ్లిపోకూడదని మా వైపు పాత తాడు విప్పి దాచుకుంటారు. ఆ బెల్టు లోపలి వైపు అతని చెమటకు నల్లబడి ఉంది. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతే. అలాంటి ఏడుపు నేను మళ్లీ ఎక్కడా వినలేదు. పిల్లలు బెదిరి మూలకు నక్కారు. ఊరుకోమని తాతయ్య అనలేదు, ఎవరినీ అననివ్వలేదు.

ఆ ఏడు పక్కవాళ్లను బతిమాలి వాళ్ల ఎద్దుతో దున్నుకున్నాం. నాయనమ్మ పల్లెత్తు మాట అనలేదు. తాతయ్య కొత్త బెల్టు వేయించి పెట్టుకున్నాడు కానీ, ఎవరైనా చూస్తే చొక్కా చేతిని కిందికి లాక్కునేవాడు.

మొన్న మా కొడుకు, కోరుట్లలో ఎవరో పాత గడియారం అమ్ముతున్నారని ఫోన్‌లో చూపించి, కొననా వద్దా అని అడిగాడు. ధర లక్ష పైనే. వద్దని నేనెవరికీ చెప్పను, కొనకపోవడం కూడా ఒక్కోసారి పాపమే. అమ్మినవాళ్ల దగ్గర ఏం మిగిలిందో చూసి కొనమన్నాను.

"ఫోన్ చేసి అడుగుత తియ్యమ్మా" అన్నాడు.

"గది ఫోన్ల కనవడది కొడుకా. ఇంటికి పోవాలె" అన్నాను.