కవరు విప్పని చెయ్యి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది ఆగస్టులో నన్ను మైలవరం దాటాక ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూలుకు వైస్ ప్రిన్సిపాల్‌గా పంపారు. అంతకుముందు అదే యాజమాన్యం విజయవాడలో నడిపే స్కూల్లో ట్యూటర్‌గా చేసేదాన్ని. మా ఉద్యోగంలో మెట్లు తక్కువ. ట్యూటర్, వైస్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్, అంతే. మధ్య మెట్టుకు పేరు ఎంత పెద్దదో అధికారం అంత చిన్నది. ఏ బ్యాచ్ ఏ వార్డుకు వెళ్లాలో రొటేషన్ వేయాలి, వార్డులో పిల్లల పక్కన నిలబడాలి, నెలకోసారి హాస్టల్ రౌండుకు వెళ్లాలి. విజయవాడ గవర్నర్‌పేటలోని మా ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. నాకు ముక్కు మీదే కోపమన్న కబురు నాకంటే ముందే అక్కడికి చేరింది.

అక్కడ చెప్పేది జి.ఎన్.ఎం., మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా. బి.ఎస్‌సి. నర్సింగ్‌కి ఇంటర్లో బైపీసీ ఉండాలి కాబట్టి, వేరే గ్రూపులు చదివి నర్సు కావాలనుకునే పిల్లలు ఎక్కువగా ఇటు వస్తారు. ఇది పాసయ్యాక పోస్ట్ బేసిక్ అనే రెండేళ్ల చదువు చదివితే వాళ్లూ బి.ఎస్‌సి. వాళ్లతో సమానమవుతారు. దారి మంచిదే. దారిలో ఉన్న పెద్ద గొయ్యి ఇంగ్లీషు. పుస్తకాలు ఇంగ్లీషులో, పరీక్ష ఇంగ్లీషులో. వచ్చే పిల్లల్లో సగం మంది పది దాకా తెలుగులో చదివినవాళ్లు.

చేరిన కొద్ది రోజులకే రెండో సంవత్సరం బ్యాచ్‌ని విజయవాడలో మా స్కూలుకు అనుబంధంగా ఉన్న ఆస్పత్రికి తీసుకువెళ్లాను. మెడికల్ వార్డులో కాన్యులా పెట్టడం నేర్పాలి. కాన్యులా అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి ప్లాస్టిక్ గొట్టం. లోపల సూది ఉంటుంది. గొట్టం నరంలోకి జారాక సూదిని వెనక్కి లాగేస్తాం. చెప్పడానికి ఇంతే. మొదటిసారి పెట్టే పిల్లకు చెయ్యి వణుకుతుంది, నరం పక్కకు జారుతుంది, పేషెంటు కూతురు మన మీద పడుతుంది. నేను అన్ని రకాల తిట్లకూ సిద్ధపడే వెళ్లాను.

ఆ పిల్లల చేతులు వణకలేదు. ఒకరి తర్వాత ఒకరు, దాదాపు అందరూ మొదటి పోటుకే నరం పట్టారు. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ నా దగ్గరకు వచ్చి, "ల్యాబ్‌లో బాగా చేయించారండీ, మీ పిల్లల చెయ్యి తేలిగ్గా ఉంది" అంది. నేను వచ్చి నెల కూడా కాలేదు. అయినా ఆ పొగడ్తను కాదనకుండా పుచ్చుకున్నాను. ఎక్కడ నేర్చుకున్నారని పిల్లల్నడిగితే, "ల్యాబ్‌లోనే మేడం" అన్నారు, అందరూ ఒకే గొంతుతో.

ఆ బ్యాచ్‌లో భవాని అనే పిల్ల ఎప్పుడూ పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకునేది. వాళ్ల నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్. మైలవరంలో ఆగస్టు నెలలో చలి వేసే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. రక్తం తక్కువేమో అనుకున్నాను. ఒకరోజు తనే నా గదికి వచ్చి, "ఏ.ఎన్.ఎం.కి మారిపోవచ్చా మేడం? అందులో తెలుగులో రాయొచ్చంట కదా" అని అడిగింది. ఏ.ఎన్.ఎం. రెండేళ్ల కోర్సు, పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేసేవాళ్లకు. అది తక్కువ చదువేమీ కాదు గానీ, ఇక్కడ ఏడాది చదివి, పాసై, మళ్లీ మొదటికెళ్లడం ఎందుకని మందలించాను. నీ మెంటార్ ఎవరని అడిగాను. ప్రతి ట్యూటర్‌కీ కొంతమంది పిల్లల్ని అప్పగిస్తారు. వాళ్ల చదువూ కష్టసుఖాలూ ఆ ట్యూటరే కనిపెట్టుకుని ఉండాలి. తన మెంటార్ ఉద్యోగం మానేసి చాలా రోజులైందని, తర్వాత ఎవరినీ వేయలేదని చెప్పింది. వెంటనే, "ఇప్పుడు ఫర్వాలేదు మేడం, మెర్సీ వాళ్లు తెలుగులో చెప్తున్నారు" అంది.

మెర్సీ తన రూంమేటు. కాన్వెంటులో చదివిన పిల్ల, చురుకు. స్నేహమంటే ఇలా ఉండాలని సంతోషించి పంపించేశాను.

ఆ వారంలోనే సామాన్ల లెక్క చూడాల్సి వచ్చి ల్యాబ్ తలుపు తీయించాను. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంటుంది. ఆవిడ మెత్తటి మనిషి, కరస్పాండెంట్ గారంటే, అంటే స్కూలు యజమాని అంటే, హడలు. లోపల బల్ల మీద ప్రాక్టీసు చెయ్యి ఉంది. రబ్బరు చర్మం, లోపల నరాల్లాంటి గొట్టాలు, వాటిలో ఎర్రనీళ్లు పారించే ఏర్పాటు. ఖరీదైన వస్తువు. కంపెనీ వాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, అంటించిన టేపు కూడా చిరగలేదు. కవరు విప్పి వేలితో తడిమి చూశాను. ఒక్క సూది గుర్తు లేదు.

"ఇన్‌స్పెక్షన్‌కి తీస్తామండీ. పిల్లల చేతికిస్తే వారం ఉండదు, మళ్లీ కొనమంటే సార్ నన్నడుగుతారు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆవిడ మాటలు నా చెవికి ఎక్కలేదు. ల్యాబ్‌లో నేర్చుకోకపోతే ఈ పిల్లలంతా ఎక్కడ నేర్చుకున్నట్టు?

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ రౌండుకు వెళ్లాను. చర్చికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి, భోజనాలైన వేళ. చివరి గది తలుపు దగ్గరగా వేసి ఉంటే తోశాను.

మంచం మీద భవాని పడుకుని ఉంది. ఎడమ చేతికి పైన రబ్బరు పట్టీ బిగించి ఉంది. ఒక పిల్ల ఆ చేతి మీద వంగి కాన్యులా గుచ్చుతోంది. వెనక ఇంకా కొందరు వరుసలో నిలబడ్డారు. తల దగ్గర మెర్సీ పుస్తకం పట్టుకుని, మూత్రపిండాలు చెడిపోతే ఒంట్లో నీరు ఎందుకు చేరుతుందో తెలుగులో విడమరిచి చెబుతోంది. సూది దిగుతుంటే భవాని కళ్లు మూసుకుని, "మళ్లీ చెప్పవే, ఉప్పు దగ్గర అర్థం కాలేదు" అంటోంది.

స్పిరిట్ దూది, చేతికి గ్లౌజులు, సూదిని పట్టుకున్న కోణం, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

అరిచానో లేదో గుర్తులేదు. ట్రేలో చూస్తే రెండే కాన్యులాలు ఉన్నాయి, పిల్లలు చాలామంది. ఒక్కోటి ఎంతమంది వాడుతున్నారని అడిగాను. కాన్యులా ఒకసారి గుచ్చితే పారేయాలి, అది మా మొదటి సూత్రం. మెర్సీ తలొంచుకుని, "ముగ్గురికి ఒకటి మేడం. చెయ్యి ఒక్కటే కదా, ఒకరిది ఒకరికి అంటదు కదా అని" అంది. ఒక రోగి సూది ఇంకో రోగికి వాడితే ఏమవుతుందో వచ్చిన కొత్తలోనే వాళ్లకు క్లాసు చెప్పింది నేనే. అంత శ్రద్ధగా విని ఇంత ఘోరంగా అర్థం చేసుకున్న పిల్లల్ని నా సర్వీసులో చూడలేదు.

ఇదెవరి ఆలోచనని గద్దించాను. భవానే లేచి కూర్చుంది. "నాదే మేడం. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నాకు నరాలు పైకే కనిపిస్తాయి, మా నాన్నకీ అంతే. ఒక పాఠం చెప్తే ఒక పోటు. ఊరికే చెప్పించుకుంటే బాగోదు కదా మేడం."

స్వెట్టర్ చెయ్యి పైకి జరిపి చూశాను. మోచేతి మడతలో ఎర్రగా ఉబ్బి ఉంది. నరం తాడులా గట్టిపడింది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. అంత జ్వరంలో ఆ పిల్ల పాఠం వింటోంది.

స్కూలు వ్యానులో విజయవాడ తీసుకెళ్లి అదే మెడికల్ వార్డులో చేర్చాను. మెర్సీ ఏడుస్తూ కూడా వచ్చింది. నరానికి చీము పట్టిందని, రక్తమంతా పాకకముందే నరం ద్వారా మందు మొదలుపెట్టాలని డాక్టరు చెప్పారు. ఆ వార్డులో ఆ పనిలో దిట్ట అనిపించుకున్న స్టాఫ్ నర్సు కాన్యులా తీసుకుని కూర్చుంది. ఎడమ చెయ్యి పనికిరాదు. కుడి మోచేయి చూసింది, గట్టిపడింది. ముంజేయి చూసింది, అదీ అంతే. గుచ్చిన చోటల్లా నరం మూసుకుపోయి ఉంది. "ఈ వయసు పిల్లకి నరాలు ఇలా ఉండటమేంటండీ" అంది నాతో. బ్యాచ్ మొత్తానికి పని నేర్పిన చేతుల్లో, తనకి ప్రాణం మీదికొస్తే ఒక్క నరం దొరకడం లేదు. డాక్టరు మెడ నరంలో గొట్టం వేద్దామా అన్న ఆలోచనలో పడ్డారు.

అప్పుడు మెర్సీ అంది, "కుడి చేతికి బొటనవేలి వైపు ఒకటుంది సిస్టర్. దాన్ని మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు."

భవాని కుడి చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది. నేను బయటికి తీశాను. మణికట్టు పైన, బొటనవేలి మొదట్లో, నిండుగా ఒక నరం. ఒక్క గుర్తు లేదు. ఇంతసేపూ చెప్పకుండా ఎందుకు దాచావే అని కోపంగానే అడిగాను.

"మూడో సంవత్సరంలో మిడ్‌వైఫరీ ఉంటుంది కదా మేడం, కాన్పుల సబ్జెక్టు. అది ఇంకా కష్టమంట. దానికని ఉంచుకున్నా" అంది.

వార్డుల్లో నేను చూడనిది లేదనుకునేదాన్ని. అలాంటి మాట మాత్రం ఎక్కడా వినలేదు. స్టాఫ్ నర్సు చేతిలోంచి కాన్యులా తీసుకుని నేనే పెట్టాను. ఆ పిల్లల చేతులు వణకలేదని మురిసిపోయినదాన్ని, నా చేతులు వణికాయి.

జ్వరం దిగడానికి వారం పట్టింది. ఈలోగా స్కూల్లో మరో జ్వరం మొదలైంది. విషయం బయటికి పొక్కకుండా ఆ పిల్లకి టి.సి. ఇచ్చి పంపేద్దామని కరస్పాండెంట్ గారి ఆలోచన. క్రమశిక్షణ చర్య అని దానికి పేరు. వాళ్ల నాన్న ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని, వచ్చిపోయే ప్రతివాళ్లనీ, "అమ్మాయి చదువు ఆగిపోదు కదండీ" అని అడుగుతున్నాడు. చేతి సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇలాంటివి జరిగినప్పుడు వైస్ ప్రిన్సిపాల్ సంఘటన నివేదిక రాయాలి. కారణం అన్న గడిలో ల్యాబ్ తాళం సంగతి రాస్తానని కరస్పాండెంట్ గారికి చెప్పాను. ఆయన, "ఆ బొమ్మ ఖరీదు మీకు తెలియదండీ" అన్నారు. "భవాని చెయ్యి మనం కొన్నది కాదు కాబట్టి దాని ఖరీదు మీకు తెలియలేదండీ" అన్నాను. నా కోపం ఉద్యోగంలో నాకు చాలాసార్లు నష్టం చేసింది. ఆ రోజు ఉపయోగపడింది. పిల్ల సీటు నిలిచింది. నివేదికలో ల్యాబ్ తాళం వాక్యం కూడా నిలిచింది.

తాళంచెవి బీరువాలోంచి ల్యాబ్ గుమ్మం పక్క మేకుకు మారింది. టైంటేబుల్లో శనివారం ఇంగ్లీషు అని ఒక గంట ఎప్పటినుంచో ఉంది, ఆ గంటలో పిల్లలు యూనిఫాంలు ఇస్త్రీ చేసుకునేవారు. ఆ గంట నేను తీసుకున్నాను. పాఠం ముందు తెలుగులో, తర్వాత అదే ఇంగ్లీషులో. మెంటార్ మానేస్తే పిల్లల్ని ఇంకొకరికి అప్పగించే దాకా ఆ ట్యూటర్‌కి రిలీవింగ్ ఆర్డరు ఇవ్వకూడదని పట్టుబట్టాను. భవాని ఒక సబ్జెక్టు రెండోసారి రాసి మొత్తానికి పాసైంది. మిడ్‌వైఫరీ మాత్రం మొదటిసారే గట్టెక్కింది. ఇప్పుడు విజయవాడలో స్టాఫ్ నర్సు, పోస్ట్ బేసిక్‌కి దరఖాస్తు పెట్టింది. ఎడమ మోచేతి నరం మాత్రం తిరిగి రాలేదు.

నేను రిటైరయ్యే ముందు ఆ రబ్బరు చెయ్యి చిల్లులు పడి, ఎర్రనీళ్లు కారి, పనికిరాకుండా పోయింది. కొత్తది కొనమని ఇండెంటు నేనే రాశాను. ఇప్పుడు ఎవరైనా కూతుర్ని నర్సింగులో చేర్చడానికి స్కూలు ఎలా చూసుకోవాలని అడిగితే, హాస్టలూ భోజనమూ తర్వాత, ముందు ల్యాబ్ తీయించి ప్రాక్టీసు చెయ్యి చూడమంటాను. అది పాడవడానికే కొనే వస్తువు. అది కొత్తగా మెరుస్తూ కనబడితే, అక్కడ ఇంకెవరి చెయ్యో పాడవుతోందని అర్థం.