మా మరిదిని పడగొట్టకండి

మా మరిది పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. వరంగల్ కొత్తవాడలో మా వెనక వీధిలోనే అతని గది. పొద్దున ఆరింటికి పిల్లలకు కరాటే నేర్పడానికి తెల్లబట్టలు వేసుకుని, నడుముకు బెల్టు కట్టుకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పిల్లలు వచ్చి చూసేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు దవాఖానలో. పడిపోలేదు. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మా చిన్నకోడలు రాస్తోంది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయించడం లోకంలో ఉన్నదే. నేనూ అందుకే కూర్చున్నాను. కానీ నాకు ఇందులో ఒక పని ఉంది. వచ్చే సోమవారం నా వేలిముద్ర కోసం హైదరాబాదు నుంచి ఫోన్ ఆటలు చేసే కంపెనీవాళ్లు వస్తారు. ఆ లోపల ఇది నలుగురి కంట పడాలి.

మీ ఇళ్లలో పిల్లలు ఫోన్లో ఆడే కొట్లాట ఆట ఒకటి ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తన్నుకుంటారు. అందులో ఒక హీరో, ఆ హీరోకి ఒక పోటీవాడు. పోటీవాడి తలకు ఎర్రగుడ్డ. ముక్కు మీదే కోపం. మాట పూర్తి కాకముందే మీదికి ఉరుకుతాడు, బాగానే కొడతాడు, చివరికి ఓడిపోతాడు. వాడి ముఖం ఎవరో గీసింది. గొంతు ఇంకెవరిదో. ఒళ్లు మాత్రం మా మరిదిది. అతనికి బిగుతైన నల్లబట్టలు తొడిగి, కీలు కీలుకూ తెల్లటి చిన్న గుండ్లు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి కదలమన్నారట. అతను ఎట్లా కదిలితే బొమ్మ అట్లా కదిలింది. అట్లా రెండు ఆటలు వచ్చాయి. ఇప్పుడు మూడోది చేస్తున్నారు.

నేను కోడలిగా వచ్చేనాటికి అతనికి ఎనిమిదేళ్లు. మరుసటి ఏడే మా అత్త పోయింది. ఆ తర్వాత అతనికి తల దువ్వింది నేను, బడికి తోలింది నేను, కొట్టింది కూడా నేనే. కూరలో ఉప్పు తక్కువైనా కోపం, పక్కింటివాళ్లు ఒరేయ్ అన్నా కోపం. కోపం వస్తే పళ్లెం ముందు నుంచి లేచి పోయేవాడు. ఎక్కడికీ కాదు, వీధి చివర నీళ్ల నల్లా దాకా. అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండా, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాస్తూ నిలబడేవాడు. నేను గడపలోకి వచ్చి, "ఓ పిలగా, అన్నం తిని పో" అని ఒక కేక వేయాలి. అప్పుడు వచ్చేవాడు.

"నువ్వు పిలిచినవని వచ్చిన. ఆకలై గాదు."

"ఎరుకే. కూసో."

యాభై ఏళ్లు దాటినా ఇదే తీరు. అతని జుట్టు తెల్లబడ్డా నాకు పిలగాడే.

ఆ వేళ్ల సంగతి చెప్పాలి. మా ఇంట్లో జంపఖానాల మగ్గం ఉండేది. మా ఆయన నేసేవాడు, మరిది పక్కన కూర్చుని తెగిన పోగులు అతికేవాడు. పోగు అతకాలంటే వేళ్లకు చిటికెడు బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి మెలిపెట్టాలి. బూడిద లేకపోతే పోగు జారిపోతుంది. పదేళ్లు ఆ పని చేశాడు. తర్వాత మగ్గం విడిచి కరాటేకు పోయాడు గానీ వేళ్లు మగ్గాన్ని విడవలేదు. పోటీలో దిగే ముందు, రైలు ఎక్కే ముందు, నాతో కొట్లాడే ముందు కూడా ఆ రెండు వేళ్లూ రాసుకోవలసిందే.

పోటీల్లో అతనికి ఎప్పుడూ రెండో బహుమతే. చెయ్యి తక్కువై కాదు. ఒకసారి నెక్కొండలో పోటీ అంటే నేనూ పోయాను. గెలిచే బౌటే. ఎదుటివాడు ఏదో అని నవ్వాడు. రెఫరీ విజిల్ వేసి ఆపిన తర్వాత మావాడు ఇంకొకటి తగిలించాడు. దాంతో తీసి బయట పెట్టారు. వస్తూ వస్తూ బస్సులో నేను అడిగాను.

"గా ఒక్క దెబ్బ ఆపుకుంటే ఏమైతుండె?"

"ఆపిన వదినె. చెయ్యి ఆగలె."

తన దగ్గరికి వచ్చే పిల్లలకు మాత్రం, "కోపం వస్తే రానియ్యిర్రి. చెయ్యి మాత్రం అడిగి లేపుర్రి" అని నేర్పేవాడు. వినేటప్పుడు నాకు నవ్వొచ్చేది.

హైదరాబాదు పోయే రైల్లో ఒకసారి కిటికీ సీటు దగ్గర ఒకాయనతో మాటకు మాట పెరిగింది. "దిగు, చూసుకుందాం" అన్నాడట మావాడు. ఆయనా తక్కువ తినలేదు, దిగాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద నిలబడి చొక్కా చేతులు మడుచుకుంటూ ఉండగానే రైలు కదిలిపోయింది. ఇద్దరూ దాని వెనక ఉరికారు. అందలేదు. తర్వాత చాయ్ తాగి, ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని హైదరాబాదు పోయారు. ఆ కిటికీ సీటాయన మొన్న దినాలకు వచ్చి మా వాకిట్లో ఏడ్చాడు.

కంపెనీవాళ్లు అసలు మొదటి బహుమతి వచ్చినాయన కోసం వరంగల్ వచ్చారు, హీరో కోసం. చూడ్డానికి పోయిన మా మరిది, ఆయన తన్నే తీరు తప్పని కెమెరాల ముందే తగువు పెట్టుకున్నాడు. కంపెనీవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, హీరోతో పాటు పోటీవాడు కూడా దొరికాడన్నారట. ఇంటికి వచ్చి, "వదినె, తిట్టినందుకు నౌకరిచ్చిండ్రు" అని మురిసిపోయాడు.

మొదటి ఆట వచ్చినప్పుడు వీధిలో పిల్లలు నాకు ఫోన్లో చూపించారు. ఇరవై ఏళ్ల కుర్రముఖం, ఎర్రగుడ్డ. నాకేమీ తెలియలేదు. ఆ బొమ్మ నాలుగు అడుగులు వేసింది, ఎడమ మడమ నేలకు గట్టిగా కొడుతూ, అచ్చం మా మరిదిలాగే. అంతే, బియ్యం చెరుగుతున్న చేట నా చేతిలో ఆగిపోయింది. కొట్లాట మొదలయ్యే ముందు ఆ బొమ్మ రెండు వేళ్లూ రాసుకుంది. చుట్టూ ఉన్న పిల్లలందరూ వాళ్ల వేళ్లూ రాసుకున్నారు.

"ఏందిరా గది?"

"పవర్ అవ్వా. ఫైట్‌కు ముందు పవర్ తెచ్చుకుంటడు."

"పవర్ గాదు, బూడిద" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. ఎక్కడెక్కడి పిల్లలో ఆ ఆట ఆడుతూ అట్లా వేళ్లు రాసుకుంటారట. వాళ్లందరూ పోగు అతికే చేతులు నేర్చుకున్నారని వాళ్లకు తెలియదు.

ఇక నేను చేసిన పని చెప్తాను. ఇక్కడ మా కోడలు రాయనంటే నేనే గట్టిగా రాయమన్నాను.

పోయే ముందు రోజు మధ్యాహ్నం అతను హైదరాబాదు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. నేను బెండకాయలు కోస్తున్నాను. చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. కాళ్లు ఆగడం లేదు.

"వదినె, నన్ను పడి సావుమంటాండ్రు."

"ఎవలు?"

"కంపెనోళ్లు. మూడో ఆటల నేను సస్తనట. గా హీరో కొడితె మోకాళ్ల మీద కూలవడి, వాని కాళ్లు వట్టుకోని సావాలెనట. రెండు ఆటలల్ల ఓడిన, ఏమన్న అన్ననా? ఓడుడు నాకు కొత్త గాదు. పడుడు నాతోని గాదన్న. నడుమల ఇడిసిపెట్టి వచ్చిన."

"నీ పాణమేమన్న పోతాందా? బొమ్మ గదా పడేది."

"బొమ్మెట్లైతది? పడేది నేను గదనె."

నాకు ఆ రోజు ఎందుకో విసుగు. ఎండ, మోకాళ్ల నొప్పి, ఏదైతేనేం. నోట్లోంచి వచ్చేసింది.

"పుట్టినకాడికెల్లి ఓడిపోయేటోనివే. ఇంకొక్కసారి పడితె ఏం బోయింది?"

  అతను లేచి, తడి చేతులతోనే చెప్పులు తొడుక్కుని పోయాడు. కిటికీలోంచి చూశాను. నల్లా దగ్గర ఆగాడు. వేళ్లు రాసుకుంటూ నిలబడ్డాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపే నిలబడ్డాడు. ఒక్కసారైనా పిలవకుండానే రానీ అనుకున్నాను. బెండకాయలు కోస్తూ కూర్చున్నాను. మళ్లీ తల ఎత్తేసరికి నల్లా దగ్గర ఎవరూ లేరు.

తెల్లవారి పిల్లలు ఉరికొచ్చారు.

పదకొండో రోజు దాటినాక కంపెనీ అమ్మాయి వచ్చింది. మంచి పిల్లే, నా పక్కన కిందే కూర్చుంది. మరిదికి పెళ్లి లేదు. మా ఆయన పోయి ఆరేళ్లయింది. కంపెనీ కాగితంలో తన మనిషి ఎవరని అడిగితే అతను నా పేరు రాయించాడట. అందుకే నా దగ్గరికి వచ్చింది. మూడో ఆటలో అతను పడడం ఒక్కటే మిగిలిందట. పాత కదలికలన్నీ కలిపి కంప్యూటర్‌లో అతన్ని పడేటట్టు చేస్తారట. దానికి నా వేలిముద్ర కావాలట.

"వెయ్యకపోతే?" అన్నాను.

"మొత్తం వేరే ఆయనతో చేస్తారు అమ్మా. పాత రెండు గేములు కూడా కొత్త బాడీకి మార్చేస్తారు. సార్ మూమెంట్స్ ఎక్కడా ఉండవు."

"వేస్తే?"

"సార్ ఉంటారు. కానీ చివర్లో చనిపోతారు. చనిపోతేనే అమ్మా, స్టోరీకి వెయిట్ వస్తది."

చూశారా నా గతి. వేలు వేస్తే, పడనన్నవాణ్ని నా చేత్తో పడేసినట్టు. పడితే ఏం పోయిందన్న మాట నేను ముందే అని ఉన్నాను, ఇప్పుడు దానికి ముద్ర కూడా వేసినట్టు. వేయకపోతే ఆ ఎడమ మడమ, ఆ వేళ్లు, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మా దగ్గర అతని ఫోటోలు మూడు ఉన్నాయి. మూడింటిలోనూ బిగుసుకుని నిలబడి ఉన్నాడు. అతను కదిలే చోటు ఈ లోకంలో ఆ ఆట ఒక్కటే.

నన్ను ఒప్పించడానికి ఆ అమ్మాయి కంప్యూటర్ తెరిచింది. చివరి రోజు కెమెరాలు పట్టింది కూడా ఉందంది. అతను తగువాడి బయటికి పోయేటప్పుడు కెమెరాలు ఆపడం మరిచారట. ముఖం లేదు, బట్టలు లేవు, ఎర్రగుడ్డ లేదు. నల్లటి తెర మీద తెల్ల చుక్కలు, చుక్కల మధ్య గీతలు. ఆ గీతలు లేచి నిలబడ్డాయి. చెయ్యి విదిలించాయి. ఎడమ మడమ కొడుతూ నడిచాయి. తలుపు దగ్గర ఆగాయి. వెనక్కి తిరగలేదు. కుడిచేతి చివర రెండు చుక్కలు ఒకదానికొకటి రాసుకున్నాయి.

"ఇక్కడ ఎందుకో ఆగారు అమ్మా. ఎవరూ పిలవలేదు. కాసేపు చూసి వెళ్లిపోయారు" అంది.

ఎందుకు ఆగాడో నాకు తెలుసు.

నేను అడిగేది ఇదీ. ఆట చివర అదే పెట్టండి. ఓడిపోనీ, నేను కాదనను. కోపంగా లేచి, నడిచి, తలుపు దగ్గర ఆగనీ. అక్కడితో వదిలేయండి. అట్లయితే రెండు చేతుల పది వేళ్లూ వేస్తాను. ఇదే మాట ఆ అమ్మాయితో అంటే మొహమాటపడింది.

"అది ఎండింగ్ లాగ ఉండదు అమ్మా. వెళ్లిపోయాడా, వస్తాడా తెలియదు కదా."

"నాకు మాత్రం ఎన్నడు తెలిసిందే బిడ్డా? నలభై ఏండ్లాయె, ప్రతిసారి గట్లనే పోయిండు."

పైవాళ్లకు చెప్తానంది. సోమవారం ఏ మాట తెస్తుందో తెలియదు. పైవాళ్లు నాలాంటి ముసలిదాని మాట వినరు. ఆట ఆడే పిల్లలు అడిగితే వింటారట, మా కోడలు చెప్తోంది. మీ పిల్లలకు ఇది చదివి వినిపించండి. ఎర్రగుడ్డవాణ్ని పడగొట్టవద్దని అడగమనండి. నాకు వేరే దారి కనిపించడం లేదు.

ఆ రోజు ఆ అమ్మాయిని ఆ చుక్కల బొమ్మను ఆపవద్దని బతిమాలాను. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి ఆడుతూనే ఉంది. మొదటిసారి ఊరికే చూశాను. రెండోసారి నా కళ్లు నిండి చుక్కలు కనబడలేదు. మూడోసారి అతను తలుపు దగ్గర ఆగి వేళ్లు రాసుకుంటుండగా, ఇంట్లో అందరూ ఉన్నారన్నది కూడా మరిచి కేక వేశాను.

"ఓ పిలగా, అన్నం తిని పో."

తెర మీద చుక్కలన్నీ ఒక్క రెప్పపాటు ఆరిపోయాయి. మళ్లీ చూస్తే అతను తలుపుకు ఇవతల, లోపలే ఉన్నాడు.