టీచరమ్మ బుగ్గ మీద నురగ

పేర్లు పెట్టడం నాకొక జబ్బు. నంద్యాలలో మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని "కాస్త సోడియం క్లోరైడ్ ఇటివ్వండి" అంటే మా ఆయన వినపడనట్టే తింటూ ఉండేవాడు. ఉప్పు అని అడిగేదాకా డబ్బా కదిలేది కాదు. ఆకువక్కలోకి వేసుకునే సున్నాన్ని కాల్షియం హైడ్రాక్సైడ్ అన్నందుకు మా అత్త, "నీ నోట్లోంచి మాటలు పడ్తాండాయా, రాళ్లు పడ్తాండాయా?" అని అడిగింది. నా మొహానికి అది కూడా పొగడ్తలాగే వినిపించింది.

రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. రసాయన బంధాల పాఠం వచ్చిందంటే నాకు నాటకం పూనుతుంది. ఈసారి ఒకమ్మాయిని సోడియంగా, ఒకబ్బాయిని క్లోరిన్‌గా నిలబెట్టాను. సోడియం చేతిలో చాక్‌పీసు పెట్టి, "ఇది నీ ఎలక్ట్రాన్. అతనికి ఇచ్చెయ్. ఇక మీ ఇద్దరి మధ్యా ఆకర్షణ పుడుతుంది" అన్నాను. క్లాసు క్లాసంతా గొల్లుమంది. క్లోరిన్ చెవులు ఎర్రబడ్డాయి. సోడియం ఆ చాక్‌పీసును అతని మొహాన కొట్టి, విసవిసా పోయి బెంచీలో కూర్చుంది. ఆ రోజు అయానిక్ బంధం ఏర్పడలేదు.

బంధాలు పోతే పోయాయి, పేర్లు నా సొత్తు కదా అనుకున్నాను. ముందు లోహం పేరు, తర్వాత రెండోదాని పేరు, దాని చివర "ఐడ్" అని తోక. ఇది చెప్పాక, "రేపు మీ ఇళ్లలోంచి ఏదైనా తెండి, దాని పేరు నేను చెప్తా" అని సవాలు విసిరాను. పిల్లలు వంటసోడా తెచ్చారు, పటిక తెచ్చారు. నేను గడగడా చెప్తూ పోయాను. ఒకడు సున్నపురాయి తెచ్చాడు. కాల్షియం కార్బొనేట్ అని చెప్పి ఊరుకున్నానా? దాని మీద యాసిడ్ చుక్కలు వేసి, బుసబుసా నురగ రప్పించి, ఆ సమీకరణం కూడా బోర్డుకు ఎడమపక్క రాశాను.

అప్పుడు ముందు బెంచీ అమ్మాయి ఒక కాగితం పొట్లం విప్పింది. వాళ్ల నాయన విగ్రహాలు చెక్కుతాడు. పొట్లంలో ఆయన ఉలి మీద నుంచి గీకిన తుప్పు ఉంది.

"దీని పేరేంది మేడం?"

"ఫెర్రిక్ ఆక్సైడ్."

"ఇది రాయికి అంటుకుంటే పోతాదా? మా నాయన తడి ఉలి విగ్రహం మీద పెట్టి మర్చిపోయినాడు. బుగ్గ మీద మరక పడింది. కడిగితే పోతాలేదు."

ప్యాపిలి దగ్గర ఒక ఊరివాళ్లు, తమకు చదువు చెప్పిన పాత టీచరమ్మ కోసం చేయించుకుంటున్న విగ్రహమట. వారంలో తీసుకుపోవడానికి వస్తారట.

"పోకేం? హైడ్రోక్లోరిక్ యాసిడ్ పూస్తే కరిగిపోతుంది. బాత్రూములు కడిగేది అదే కదా!" అని, బోర్డుకు కుడిపక్క ఆ సమీకరణం కూడా రాసి, అంకెలన్నీ సరిచేసి, చేతులు దులుపుకున్నాను. ఎంత మురిసిపోయానో! పాఠం బతుక్కి పనికొచ్చిన రోజు అని బస్సులో పక్కనున్న ఆమెకు కూడా చెప్పాను. పాపం, ఆమె కూడా నంద్యాల దాకా పోవాలి, తప్పించుకునే దారి లేదు.

మరునాడు ఆ అమ్మాయి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. పక్కన కూర్చునే పిల్లను అడిగాను.

"వాళ్లింట్ల గలాటా అయితాంది మేడం. యాసిడ్ పూస్తే విగ్రహం బుగ్గ పొంగిందంట. నురగొచ్చిందంట."

నురగ అన్న మాట వినగానే సున్నపురాయి మీద వేసిన యాసిడ్ చుక్కలు గుర్తొచ్చాయి. అది పాలరాయి. పాలరాయంటే కాల్షియం కార్బొనేటే. ఆళ్లగడ్డ విగ్రహమంటే నల్లరాయే, యాసిడ్ దాన్నేమీ చేయదని నా తలకాయ దానంతటదే తీర్మానించుకుంది. ఏ రాయమ్మా అని ఒక్క మాట అడిగితే నా నోటి ముత్యాలు రాలిపోతాయా? రెండు సమీకరణాలూ ఒకే బోర్డు మీద, జానెడు దూరంలో, నా చేతిరాతతోనే ఉన్నాయి.

సాయంత్రం కాలేజీ అయ్యాక వాళ్ల పనిచోటుకు నడిచాను. దారిపొడుగునా సాకులు వెతుక్కున్నాను. నీళ్లు కలపకుండా పూసుంటారు. రాయి నాసిరకం అయ్యుంటుంది. అసలు ఉలి ఎవరు మర్చిపొమ్మన్నారు? ఇట్లా అందరినీ తిట్టుకుంటూ చేరుకునేసరికి, నేనొక్కదాన్నే మిగిలాను తిట్టడానికి.

షెడ్డులో వాళ్ల నాయన బల్ల జరిపి కూర్చోమన్నాడు. ఆ పిల్ల గోడ వారన తల వంచుకుని నిలబడి ఉంది. విగ్రహం బుగ్గ గరుకుగా, చిన్న చిన్న గుంటలు పడి ఉంది. చూడలేక మొహం తిప్పుకున్నాను.

"మీరు రాయికి యాసిడ్ పూయొద్దని చెప్పినారంట. ఈ పాప పూయమన్నారని ఇనిందంట" అన్నాడాయన. "చెవులు పనిచేయనిదానికి కాలేజీ యాల మేడం? మాన్పిస్తామనుకుంటాండా. మీరేమంటారు?"

ఆ పిల్ల నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పింది. అది అర్థమైన మొదటి క్షణంలో, నిజం చెప్తున్నా, నాకు హాయిగా అనిపించింది. తప్పించుకున్నా దేవుడా అనుకున్నాను. తర్వాత ఆ పిల్ల కాళ్లవైపు చూశాను. బొటనవేలితో రాతిపొడిలో గీతలు గీస్తూ ఉంది.

"తప్పు నాది అన్నా. పూయమన్నది నేనే. ఏ రాయని కూడా అడగలేదు. పాప సరిగ్గానే వినింది. చదువు మాత్రం మాన్పించొద్దు."

ఆయన గుడ్డతో విగ్రహం మీది పొడి తుడిచాడు.

"బుగ్గ నూలుపోగంత లోపలికి చెక్కి దించుతాలే. ఆయమ్మ రెండు దినాలు జరమొచ్చి లేసినట్ల ఉంటాది, అంతే" అన్నాడు. ఇంకాసేపటికి, "ఈ పాప ఎనిమిదేండ్లప్పటి నుంచి నా పక్కన కూచోని కొలతలు రాస్తాంది మేడం. ఒక్కసారి కూడా తప్పు ఇనలేదు. అబద్ధమాడ్తాందని ఆ పొద్దే తెల్సు నాకు. యాసిడ్ ఎవురు పూయమన్నారో కూడా తెల్సు. ఈ పాప ఎవురి కోసం అబద్ధమాడ్తాందో, ఆ మనిషి యాపాటిదో సూద్దామనే మాన్పిస్తానని అంటిని" అన్నాడు.

నేను ఇంకొక్క నిమిషం ఊరుకుని ఉంటే, ఆయన ఆ మాట నాతో ఎప్పటికీ చెప్పేవాడు కాదు.