విత్తనం పడినాక రిజిస్ట్రేషన్

నాయన పోయిన తర్వాత ఇంటికి వచ్చినవాళ్లు ఆయన నేసిన చీరల గురించి మాట్లాడారు. ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అనుకున్నారేమో. నాకు మాత్రం ఆయన్ని తలుచుకుంటే ముందు ఆ ఇల్లే గుర్తుకొస్తుంది.

ధర్మవరంలో మగ్గం ఉన్నవాళ్లకు అద్దె ఇల్లు దొరకడం కష్టంగా ఉండేది. మాది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, నేసేవాడు అందులోకి కాళ్లు దించి కూర్చోవాలి. ఇల్లు మారినప్పుడల్లా పాత గుంత పూడ్చి, నేల అలికి, ఇంటివాళ్లకు చూపించి, కొత్త ఇంట్లో మళ్లీ తవ్వాలి. కొత్త చోట మగ్గం కుదురుకునేదాకా నేత సరిగా రాదు. షావుకారు చీర విప్పి చూసి పెదవి విరుస్తాడు. నేను హైస్కూలు దాటేలోపే మేము అలా చాలా ఇళ్లు మారాం. పూడ్చమని ఎవరూ అడగని గుంత ఒకటి ఉంటే చాలని నాయన అనేవాడు. ఇల్లు కొనాలన్న కోరికకు ఆయన దగ్గర అంతకుమించిన కారణం లేదు.

డెబ్బైల చివర్లో ఒక పాత మిద్దె ఇల్లు అమ్మకానికి వచ్చింది. అమ్మేది కళ్యాణదుర్గం వైపు పల్లెలో శెనక్కాయ పండించే ఒక పెద్దాయన. ఇల్లు చాలాకాలంగా తాళం వేసి ఉంది. ముందు పొడుగాటి గది, దానికి తూర్పు కిటికీ, వెనక వంటిల్లు, పెరడు. నాయన లోపలికి పోయి కిటికీ ముందే చాలాసేపు నిలబడ్డాడు.

ఆ రోజే రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి పోయాం. నాయనకు ఆయన తెలిసినవాడే.

"ఇల్లు ఎవరి సంపాదన? ఆయప్పదా, వాళ్ల నాయనదా?" అని అడిగాడాయన.

"పన్ను రసీదు ఆయప్ప పేరు మీదే ఉండాది."

"రేపు నువ్వు కడితే నీ పేరు మీదా ఇస్తారన్నా. పాత పత్రం యాడుందో అడుగు. కొడుకులెంతమంది?"

"ఒకడే. బళ్లారిలో ఉండాడంట."

"వానితోనూ సంతకం పెట్టించు. తాతలనాటి ఇల్లయితే వానికీ పాలుంటాది. ఆయప్పకు దుడ్లు ఎందుకు కావల్లనో అదీ అడుగు. ఈసీ కూడా తీయించు."

నాయన నవ్వాడు. "నేను ఇల్లు కొంటాండానా, ఆయప్ప మీద కేసు పెడతాండానా?"

"ఇప్పుడడిగితే రేపు కేసుండదు లేన్నా."

ఒక ఇంటి మీద ఎప్పుడెప్పుడు ఏ అమ్మకాలు, తాకట్లు రిజిస్టరయ్యాయో ఆ ఆఫీసు రాసిచ్చే కాగితమే ఈసీ. అది తీయించాం. అందులో ఏమీ లేదు. ఏమీ లేదంటే ఇల్లు శుభ్రంగా ఉందని నాయన అనుకున్నాడు. తాత కట్టించినప్పటి నుంచి ఆ ఇల్లు ఒక్కసారి కూడా చేతులు మారలేదని, ఆ కాగితం ఖాళీగా ఉండడానికి కారణం అదేనని మాకు తర్వాత తెలిసింది.

పెద్దాయన, ఆయన భార్య బస్సు దిగి మా అద్దె ఇంటికే వచ్చారు. ఇద్దరు పెద్దమనుషుల ముందు తాంబూలాలు మార్చుకున్నారు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నారు. ధర మొత్తం ఆ పూటే చేతికిచ్చాం. కొడుకు మాట ఎత్తాలని నాయన గొంతు సవరించుకున్నాడు. అంతలో పెద్దాయనే మొదలుపెట్టాడు.

"ఏమప్పా, మగ్గం యాడ దించుతావు? తూర్పు కిటికీ కింద పెట్టుకో. ఎలుతురు బాగుంటాది."

"మీ ఇంట్లో మీరే చోటు చూపిస్తాండారు పెద్దాయనా."

"ఇంక నాది యాడిదప్పా? నేనొస్తే ఇన్ని మజ్జిగ పొయ్యి, చాలు."

"మజ్జిగంట మజ్జిగ!" అంది ఆయన భార్య. "సంగటి ముద్ద పడకుంటే లేచే మనిషేనా? నమ్మొద్దు తల్లీ" అని అమ్మ వైపు తిరిగింది.

అందరూ నవ్వారు. అలా నవ్వే మనిషిని నీ కొడుకు ఒప్పుకున్నాడా, ఇల్లు నీదేనా, ఈ డబ్బు ఎందుకు అని అడగడం నాయనకు చేతకాలేదు.

"దుక్కి అయింది. వానకు చూస్తాండాం. విత్తనం పడినాక వచ్చి రిజిస్టరు చేసిస్తా" అన్నాడు పెద్దాయన పోతూ. నాయన తలూపాడు. వారం తిరక్కుండానే కిటికీ కింద గుంత తవ్వి మగ్గం దించాడు. పెద్దాయన భార్య మళ్లీ వచ్చి తన చేత్తోనే ఆ గుంతకు పసుపూ కుంకుమా పెట్టింది. వీధి అంతా చూసింది. ఇంతకంటే కాగితం ఏం చెబుతుందని నాయన అనుకున్నాడు.

ఆ ఏడు విత్తనానికి వాన పడలేదు.

"ఒకసారి పోయి అడిగి రా" అని అమ్మ అనేది.

"పొలం ఎండబెట్టుకొని కూచున్నోని గడప తొక్కి, నా కాగితం యాడని అడగమంటావా?"

మా వైపు అందరూ అదే అనేవాళ్లు. వాన లేని ఏడు రైతు ఇంటికి పోయి ఒత్తిడి చేసేవాణ్ణి మనుషుల్లో జమకట్టరు. ఇప్పుడు ఆలోచిస్తే, అక్కడ మర్యాద అడ్డం రాకూడదనిపిస్తుంది. అప్పుడు ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నాకూ అలా తోచలేదు.

మరుసటి ఏడు వాన ఆలస్యంగా పడింది. విత్తనం వేసి వస్తానని పెద్దాయన కబురు పంపాడు. ఆ విత్తనం వేసే రోజుల్లోనే పొలంలో పడిపోయి చనిపోయాడు.

కర్మకాండలు అయ్యాక కొడుకు వచ్చాడు. నాయన కంటే చిన్నవాడు, ఎండకు మాడిన మనిషి. లోపలికి రమ్మన్నా గడప దగ్గరే కూర్చున్నాడు.

"అన్నా, ఇది మా తాత కట్టించిన మిద్దె. నన్నడక్కుండా మా నాయన ఎట్ల అమ్మినాడు?"

"దుడ్లు తీసుకున్నాడు కదప్పా. పెద్దమనుషులున్నారు, అడుగు."

"తీసుకోలేదంటానా? నా పాలు అమ్మమని నేను చెప్పలేదంటాండా."

"ఇన్నాళ్లు యాడ పోయినావు నాయనా?" అంది అమ్మ.

"బళ్లారిలో రాళ్లు కొడతాంటి అక్కా. ఈడ ఏం పండిందని ఉండేది?"

అతను గొడవ చేసి ఉంటే మాకు కొంత సులువయ్యేది. మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోయాడు.

తర్వాత కోర్టు. మా వకీలు అడిగినవన్నీ అంతకుముందు ఆఫీసు ముందు విన్న ప్రశ్నలే. ఇల్లు ఎవరి సంపాదన? కొడుకు సంతకం ఏది? ఆ డబ్బు దేనికి వాడాడు? కుటుంబం కోసం ఖర్చుపెట్టాడని రుజువు చేస్తే ఇల్లంతా రావచ్చు అన్నాడు. పెద్దాయన బోరు వేయించాడని విన్నాం. నీళ్లు పడలేదనీ విన్నాం. వేసినవాళ్లు ఏ ఊరివాళ్లో కనుక్కోలేకపోయాం. వాయిదాల మీద వాయిదాలు. వాయిదా ఉన్న రోజు నాయన తెల్ల చొక్కా వేసుకొని పోయి, చెట్టు కింద కూర్చొని, సాయంత్రం తిరిగి వచ్చేవాడు. ఆ రోజు నేత ఉండదు.

చివరికి వకీలు పిలిచి చెప్పాడు. "పెద్దాయన పాలు నీకు. కొడుకు పాలు కొడుక్కు."

"సగం ఇంట్లో మగ్గం ఎట్ల దించేది సార్?"

"అది కోర్టు చూసేది కాదయ్యా."

కోర్టు పంపిన మనిషి టేపు పెట్టి కొలిచాడు. వీధి వాకిలి, తూర్పు కిటికీ ఉన్న ముందు గది వాళ్లకు వచ్చింది. వంటిల్లు, పెరడు మాకు. పెరడు కలుపుకుంటే కొలతలో మాకే కాస్త ఎక్కువ. వంటింట్లో పొయ్యి తీసేసినా మగ్గం పొడవు పట్టదు. నాయన జానలతో కొలిచి చూశాడు. మరునాడు మళ్లీ కొలిచాడు.

నాయన పెద్దాయన కొడుకుని అడిగింది ఒక్కటే. "మగ్గం మీద పడుగు ఉండాది. అది అయ్యేదాకా గడువియ్యి."

"నెయ్యి అన్నా. నేనేమన్నా ఈ పొద్దే వస్తానా?"

మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులే పడుగు. ఒక పడుగు మీద కొన్ని చీరలు వస్తాయి. నాయన వేగంగా నేసే మనిషి. ఆ పడుగు మాత్రం సాగలేదు. నేను అడ్డపోగు కండెలు చుట్టి పక్కన పెడితే సగం అలాగే ఉండేవి. ఒక పోగు తెగితే దాన్ని ముడేసి, దాని వైపే చూస్తూ కూర్చునేవాడు. షావుకారు మనిషి వచ్చి అరిచిపోయాడు.

కొడుకు ఒకసారి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మగ్గం మీద ఎంత మిగిలిందో బయటినుంచే కనిపిస్తుంది.

"ఇంకా ఉండాదా అన్నా?"

"కొంచెం ఉండాది."

"సరే" అని బస్సుకు పోయాడు. మళ్లీ అడగడానికి రాలేదు. పడుగు అయిపోయిన రోజు మేమే కబురు పంపాం. మగ్గం విప్పేటప్పుడు బరువైన దూలం ఒక కొస అతనే పట్టుకున్నాడు.

మగ్గాన్ని పెరట్లో గోడకు చేర్చాం. కొన్నాళ్లకు చెదపట్టింది. నాయన ఒక షావుకారు షెడ్డులో కూలి నేతకు పోయాడు, ఉన్నన్నాళ్లూ అక్కడే నేశాడు. మా పాలు చట్టప్రకారం మా పేరున రిజిస్టరయింది, అందులో ఏ లోపమూ లేదు. షెడ్డులో ఆయనకిచ్చిన గుంతలో అంతకుముందు ఎవరో నేసేవాళ్లట. నాయన పోయిన వారానికి ఆయన చెప్పులు తెచ్చుకోవడానికి నేను అక్కడికి పోయాను. అప్పటికే అందులో ఇంకొకాయన కూర్చొని నేస్తున్నాడు.