మొళ, మొళె, మామ కంబళి

సూది లేకుండా కిటికీకి తెర కట్టుకోవడం ఎలాగో చెప్పే కాగితాలు లోకంలో చాలానే ఉంటాయి. ఒకటి నేను కూడా చదివాను. మా ఇంట్లో చివరికి కుదిరిన పద్ధతి మాత్రం అందులో లేదు. అది తెలిసిన మనిషికి చదువు రాదు. చదువు వచ్చిన నేనేమో ఉన్న కాగితాన్నే తప్పు చదివాను. కాబట్టి నేనే రాసిపెట్టాలి. ఆ మనిషి మా అత్త. ఈ మాట చెబితే, "కిటికీకి గుడ్డ కట్టినది కూడా ఒక కథేనా?" అంది. కానీ రాస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

మా ఆయనకు సోలార్ పార్కు గేటు దగ్గర రాత్రి కాపలా పని. మా మామ గొర్రెలు మేపిన బీడంతా ఇప్పుడు పలకల కింద ఉంది. మామ లేడు, గొర్రెలూ లేవు. ఆ నేలకే ఆయన కొడుకు కాపలా. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, రాగిముద్ద తిని పడుకుంటాడు. ఫ్యాను ఉన్నది ముందు గదిలోనే. ఆ గదికి ఒకటే కిటికీ, అదీ తూర్పుకు. ఆయన తల వాల్చే వేళకు ఎండ సరిగ్గా మంచం మీదికి వస్తుంది. ముఖం మీద తువ్వాలు వేసుకుంటే ఉక్క, తీస్తే వెలుగు. పదింటికల్లా లేచి కూర్చునేవాడు.

వేసవి మొదట్లో ఒకరోజు బూట్లు కూడా విప్పకుండా వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"నిల్చుకోనే నిద్రపోయినానంట. సూపర్‌వైజరు చూసినాడు. ఇంగొకతూరి చూస్తే రావద్దు అన్నాడు."

"గుర్రాలు నిల్చుకోని నిద్రపోతాయి. నువ్వు యాడ నేర్చుకుంటివప్పా?" అంది అత్త. ఆమెకు భయమేస్తే ఎగతాళి ఎక్కువవుతుంది. ఆయన నవ్వలేదు. ఆరోజు ముద్ద సగం వదిలేశాడు.

మా ఊరు పావగడ పక్కన, ఇంట్లో మాట తెలుగు, బడి కన్నడం. నేను చదివింది ఏడో తరగతి, అది కూడా కన్నడంలో. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక నేర్చుకున్నాను, అనంతపురం వైపు నుంచి అంగడికి వచ్చే పొట్లాల కాగితాలు చూసి. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి, తలకట్టు చూసి గుర్తుపట్టాలి. మిగిలిందంతా మా పంచాయితీ లైబ్రరీ నేర్పింది. అక్కడి రెండు బీరువాల్లో నేను తెరవని పుస్తకం లేదని కొంచెం గర్వంగానే చెబుతాను. ఆరోజు మధ్యాహ్నం అక్కడికే వెళ్లాను. ఒక పాత కన్నడ మహిళా పత్రికలో దొరికింది: కుట్టు లేని తెర. పత్రికలు ఇంటికివ్వరు. మూసే టైమైంది. అందుకని ఆ కన్నడ మాటలనే గబగబా, ఇప్పుడు చేతికి అలవాటైన తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో దించుకున్నాను.

ఇంటికొచ్చి గుడ్డ కోసం అత్తను అడిగాను. ఆమె దగ్గర మెరూన్ రంగు చీర ఒకటి ఉంది, బాగా దళసరి.

"ఇస్తా. సూది దిగకూడదు, కత్తెర తగలకూడదు, పిన్నీసు గుచ్చకూడదు. జాతరకు నేను కట్టుకోవాల."

"కుట్టు లేని తెరే అత్తా. పుస్తకంలో ఉండాది."

"పుస్తకంలో ఉంటే సరే" అంది, ఏమాత్రం నమ్మకుండా.

చీర చేతికొచ్చాక నోటుబుక్కు తెరిస్తే అందులో ఇలా ఉంది: "ఎరడూ కడె ఒందొందు మొళ బిడి." మొళ దగ్గర కాసేపు ఆగాను. పైన పైపు గురించి, తాడు గురించి రాసి ఉంది. అంటే ఇది మేకే. కన్నడంలో మేకును మొళె అంటారు. తొందరలో ఎత్వం పెట్టడం మరిచిపోయాననుకుని, నా తప్పు నేనే కనిపెట్టినందుకు సంతోషపడుతూ ఎత్వం పెట్టాను. రెండు పక్కలా ఒక్కొక్క మేకు.

సాయంత్రం ఆయన డ్యూటీకి పోగానే కిటికీ చట్రానికి ఆనించి అటొక మేకు, ఇటొక మేకు కొట్టాను. ఇంటి వైరింగులో మిగిలిన ప్లాస్టిక్ పైపును వాటి మీద పెట్టాను. చీరను నాలుగు మడతలు వేసి, సరిగ్గా కిటికీ అంత వెడల్పుకు తెచ్చి, పైపు మీదుగా మడిచి బట్టల క్లిప్పులు పెట్టాను. దూరం నుంచి చూస్తే పత్రికలో బొమ్మలాగే అనిపించింది.

అత్త వచ్చి చూసింది. "కిటికీకి గోచీ పెట్టినట్టు ఉండాది" అంది.

మర్నాడు ఎండ వచ్చాక తెలిసింది. మధ్యలో నీడ బాగానే ఉంది. కానీ తెరకు రెండు వైపులా రెండు వెలుగు చారలు నిలువునా దిగాయి. ఒకటి గోడ మీద పడింది, రెండోది ఆయన కళ్ల మీద. ఆయన ఇటు దొర్లితే చార కూడా కాసేపటికి ఇటు వచ్చింది. చివరికి గోడకు అతుక్కుని పడుకుంటే కళ్లు మూతలు పడ్డాయో లేదో, ఫ్యాను గాలికి తెర ఊగి ఒక క్లిప్పు టప్పున ఎగిరి వచ్చి ఛాతీ మీద పడింది.

"ఏందే ఇది?" అన్నాడు లేచి. కోపంగా కూడా కాదు. అంత ఓపిక లేదు ఆయనకు. ఆరోజు డ్యూటీకి పోయేటప్పుడు కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ రాత్రి ఎలా గడుస్తుందో అని నాకూ అత్తకూ నిద్ర పట్టలేదు.

తెల్లారి ఆయన వచ్చేలోపు అత్త నన్ను పిలిచింది. "ఆ పుస్తకంలో ఏమి రాసిండాదో గట్టిగా చదువు."

చదివాను. "ఎరడూ కడె ఒందొందు మొళె బిడి."

"మళ్లా చదువు."

మళ్లీ చదివాను.

"బిడి అంటే విడువమని. మేకులను విడిచేదేందే? మేకులను కొట్టేది కదా? విడిచేది మొళ. పావగడ బస్టాండులో పూలమ్మిని మొళ ఎంత అని అడుగుతావే, ఆ మొళ." తన మోచేయి నుంచి వేలి కొస దాకా చూపించింది. "కిటికీకి ఆ పక్క మూరెడు, ఈ పక్క మూరెడు గుడ్డ ఎక్కువ విడవమన్నాడు. నువ్వు మేకులు కొట్టి పెట్టినావు."

నేను నోటుబుక్కు చూసుకున్నాను. నేను పెట్టిన ఎత్వం మిగతా అక్షరాల కన్నా నల్లగా, స్పష్టంగా ఉంది.

చీర మడతలు విప్పితే వెడల్పు వచ్చింది కానీ వెలుగు కూడా వచ్చింది. ఒక్క పొర చాలదు. అత్త ఆ వెలుగుకేసి ఒకసారి చూసి లోపలికి వెళ్లింది. ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడైంది. వేపాకు వాసనతో పాటు మామ నల్ల కంబళి బయటికి వచ్చింది. ఆయన పోయాక దాన్ని ఎవరూ కప్పుకోలేదు. కప్పుకోమని ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

"వద్దులే అత్తా" అన్నాను.

"మధ్యాన్నం పూట గొర్రెలు నీడకు చేరితే, ఆయప్ప దీన్ని నెత్తిన కప్పుకోని పడుకుంటా ఉన్న్యాడు. ఎండను ఆపేదానికే కదా ఇది. పెట్టెలో ఏమి ఎండ ఉండాది?"

కంబళికి కూడా సూది దించేది లేదు, క్లిప్పుకు అంత మందం పట్టదు. అప్పుడు అత్త వాకిట్లోకి వెళ్లి కుంకుడుకాయంత గులకరాళ్లు ఏరుకొచ్చింది. ఒక రాయిని కంబళి అంచు వెనక పెట్టి, ముందు నుంచి గుడ్డతో సహా పట్టుకుని, రాయి మెడ చుట్టూ ఉన్ని దారం నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. గుడ్డలో గుండీలాంటి బుడిపె లేచింది. దారం కొసలతో పైపు దూరేంత ఉంగరం కట్టింది. లాగి చూశాను, కదల్లేదు. ముడి విప్పితే రాయి కింద పడింది. కంబళికి చిల్లు లేదు, మచ్చ లేదు.

"వానకు మెడ దగ్గర ఇట్లే ముడేసుకుంటా ఉన్న్యాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండాల కదా, గొర్రెపిల్లను ఎత్తుకునేదానికి" అంది.

జానెడుకొక రాయి. కంబళికీ చీరకూ కలిపి ఒకే ముడి, లోపలి వైపు మెరూన్ రంగు కనిపించేలా. దారం ఆమె ఎప్పుడో కదురు మీద వడికి దాచింది. నేను పాత మేకులు పీకి, చట్రానికి అటు మూరెడు ఇటు మూరెడు దూరంలో మళ్లీ కొట్టాను. పాత చిల్లులు ఇప్పటికీ ఉన్నాయి.

ఆయన వచ్చాడు. ఆ రాత్రి ఎలాగో గడిచింది, గేటు చుట్టూ నడుస్తూనే ఉన్నాడట. తెరకేసి చూసే శక్తి కూడా లేక పడుకున్నాడు. మేమిద్దరం పనులన్నీ వెనక వాకిట్లోకి మార్చుకున్నాం, చింతపండు కూడా అక్కడే ఎండబెట్టాం. పదయింది. పన్నెండయింది. అత్త రెండుసార్లు తలుపు సందులోంచి చూసి వచ్చింది. రెండు దాటాక లోపల మంచం కిర్రుమంది. ఆయన లుంగీ సర్దుకుంటూ పరుగున బయటికొచ్చాడు.

"ఏమే, మోడం పట్టిందా? చింతపండు ఎత్తినారా లేదా?"

బయట మబ్బు తునక లేదు, ఎండ పేలిపోతోంది. ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"మోడం యాడిది? మీ నాయన కంబళి అది" అంది అత్త.

ఆయన వెనక్కి వెళ్లి ఒక బుడిపెను వేళ్లతో తడిమి చూశాడు. మళ్లీ పడుకుని నాలుగింటిదాకా లేవలేదు. అప్పటినుంచి గేటు దగ్గర ఆయన నిద్రపోయాడన్న మాట రాలేదు.

సాయం చేసిన వాళ్లను పేరుపేరునా చెప్పుకోవాలని ఉంది, కానీ పేర్లు రాయవద్దని అత్త కట్టడి. కాబట్టి వరసలతోనే దండం పెడతాను. మూసే టైము దాటినా తలుపు మూయకుండా నన్ను రాసుకోనిచ్చిన లైబ్రరీ అన్నకు. మొళ అంటే ఎంతో మోచేతితో కొలిచి ఇచ్చే పూలమ్మకు. సుత్తి ఇచ్చి, రెండోసారి అడిగినప్పుడు కారణం అడగని పక్కింటి వదినకు. తాను లేకుండానే మా ఇంటికి తెర నేర్పిన మామకు. చదవకుండానే సరిగ్గా చదివిన అత్తకు. ఈసారి జాతరకు ఆమె పాత నీలం చీర కట్టుకుని పోయింది. మెరూన్‌ది అడిగితే ముడులు విప్పి ఇచ్చేదాన్నే. అడగలేదు.